డీజిల్ దిగిన బావి

పెట్రోలు కంపెనీలో నేను ఉద్యోగానికి చేరిన మొదటి ఏడాది, ఒక ముసలావిడ దోసెడు చామంతిపూలు తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టి, "వాసన చూడు మేడమమ్మా" అంది.

కర్నూలు నుంచి కడపకు పోయే పెద్దరోడ్డు మీది బంకు అది. ఊరి పేరు ఇక్కడ రాయను. నేను కర్నూల్లో ఇంజనీరింగు చదివి, కడపలో అద్దెగదిలో ఉంటూ, ఆ చుట్టుపక్కల బంకులు తనిఖీ చేసే పనిలో కొత్తగా పడ్డాను. భూమిలో పూడ్చిన ట్యాంకులోకి కొలకర్ర దించి సరుకు ఎంతుందో చూడటం, పంపు సరిగ్గా పోస్తోందో లేదో ఐదు లీటర్ల డబ్బాలో పట్టి చూడటం, మరుగుదొడ్డి కడుగుతున్నారా, టైర్లకు గాలి ఊరికే పడుతున్నారా అని కాగితం మీద టిక్కులు పెట్టడం, ఇదీ పని. ఆ రోజు పొద్దున ఏడింటి నుంచీ ఆ బంకులోనే ఉన్నాను. చేతులకూ బట్టలకూ డీజిల్ అంటింది.

పూలు వాసన చూసి, "బాగున్నాయవ్వా" అన్నాను.

"బాగుండేది నేను అడగలే. ఏం వాసనొస్తాండాదో చెప్పు."

"చామంతి వాసనే కదా."

ఆవిడ నన్ను కాళ్ల నుంచి తల దాకా చూసింది. "నీకెట్ల తెలుస్తాది లే పాపా. పొద్దున్నుంచీ దాంట్లోనే నానుతాండావు. నువ్వే ఆ వాసన అయిపోయినావు" అని పూలు కొంగులో పోసుకుని వెళ్లిపోయింది.

నిజానికి డీజిల్ వాసన నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మా నాయన బస్సు డ్రైవరు. ఆయన డ్యూటీ దిగి ఇంటికొచ్చి ఖాకీ చొక్కా కొక్కేనికి తగిలిస్తే గదంతా ఆ వాసన. నాయన క్షేమంగా ఇల్లు చేరాడనడానికి నాకు అదే గుర్తు. ఆ వాసన ఒకరి బతుకును పాడు చెయ్యగలదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ముసలావిడ వెళ్లాక బంకు యజమానిని అడిగాను, ఆమె ఎవరని. ఆయన ఆ ఊరి రైతు కుటుంబం మనిషే. రోడ్డు వెడల్పు కాకముందు ఆ బంకు ఉన్న చోటే వాళ్లు చెనిక్కాయ, అదే వేరుశనగ, వేసేవాళ్లట. బంకు వెనక పల్లంలో ఉన్న రెండెకరాల పూలతోట ఆ ముసలివాళ్లది. తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. కూతుళ్లిద్దరూ దగ్గరి ఊళ్లలో కాపురాలు చేసుకుంటున్నారు. తోటలో ఉండేది మొగుడూ పెళ్లామూ ఇద్దరే.

"ఆమె మా అమ్మకు చెల్లెలు లెక్క మేడమ్. నేను చిన్నమ్మా అనే పిలుస్తా. బాయిలో డీజిల్ వస్తాండాదని మూడు నెలల నుంచి తిరుగుతాండాది. పూలోళ్లు వాపసు ఇస్తాండారంట" అన్నాడు. "నేను కాదనడం లే. కానీ నా సరుకు చూడండి. యాడన్నా తేడా ఉండాదా?"

చూశాను. ఎండకు ఆవిరైపోయేదనీ, కొలతలో అటూ ఇటూ అయ్యేదనీ కంపెనీ కొంత తేడాను వదిలేస్తుంది. ఆ బంకు తేడా ఆ హద్దు లోపలే ఉంది. అక్కడితో ఆగకుండా బావి దగ్గరికీ వెళ్లాననే తృప్తి అప్పట్లో నాకు ఉండేది.

శివరాత్రి దాటిన రోజులు. చామంతి చివరి కోతల్లో ఉంది. రాతికట్టు బావి, పక్కన మెట్లు, నీళ్లు ఎక్కడో అడుగున నల్లగా కనిపిస్తున్నాయి. ఆవిడ మొగుడు, తాత, ఒక బక్కెట్ తోడి నా ముందు పెట్టాడు. వంగి వాసన చూశాను. నాకేమీ తెలియలేదు. తెలిసే వీలు కూడా లేదు. బంకు నుంచి తిన్నగా అక్కడికి వెళ్లినదాన్ని, నా చేతులతోనే ఆ నీళ్లు ముక్కు దాకా తెచ్చుకున్నాను. సీసాలో పట్టి పరీక్షకు పంపొచ్చు. ట్యాంకు నుంచి పంపు దాకా భూమిలో పోయే పైపులకు గాలి ఒత్తిడి పెట్టి చూడమని కంపెనీని అడగొచ్చు. రెండూ చెయ్యలేదు. కడప వెళ్లే బస్సులో కూర్చుని ఫోన్లోనే రిపోర్టు నింపాను. ఫిర్యాదు అనే గడిలో "లీకు ఆనవాళ్లు లేవు" అని ఇంగ్లీషులో ఒక్క ముక్క. బస్సు తర్వాతి స్టాపు చేరేలోపే అయిపోయింది.

మళ్లీ నెల ఆ బంకుకు వెళ్లినప్పుడు ఆవిడ కంటపడకుండా పోదామనుకున్నాను. ఆవిడే రోడ్డు మీదికి వచ్చింది.

"ఈ ఎండలో యాడికి పోతాండావు పాపా? రొంత సంగటి తినిపో."

ఆడపిల్లనని, ఒంటరిగా తిరుగుతున్నానని జాలి పడిందో, లేక నన్ను మెత్తబరచి పని చేయించుకోవాలనుకుందో నాకు తెలియదు. రెండూ అయ్యుండొచ్చు. వెళ్లాను. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, ఉల్లిగడ్డ. తాత మంచం మీద కూర్చుని పూలు తాళ్లకు కడుతున్నాడు. నేను ముద్ద నోట్లో పెట్టుకుని, ఏదో మర్యాదకు, "అవ్వా, బావి నీళ్లు ఇప్పుడెట్లున్నాయి?" అన్నాను.

"తినేటప్పుడు బాయి మాట ఎత్తగూడదు" అంది. "అన్నం కాడ కష్టం మాట్లాడితే ఒంటికి పట్టదు. తిన్నాక అడుగు."

తిన్నాక నేను అడగలేదు. బస్సు టైమయిందని లేచాను.

అట్లా మొదలై, నెలనెలా అదే వరస అయిపోయింది. బంకు తనిఖీ ముగిసేసరికి పొయ్యి మీద నాకోసం ఏదో ఒకటి ఉండేది. ఒకసారి ఉగ్గాని, ఒకసారి జొన్నరొట్టె, రంజాన్ నెలలో తాము ఉపవాసముండి నాకు వండి పెట్టింది. వద్దని నేను మొత్తుకుంటే, "నువ్వు ఉపాసముండావా? లేదు గదా. తిను" అని ఎదురుగా కూర్చుంది. తాతకు ఒక చెవి వినపడదు. ఏ చెవి అన్నది ఎవరు మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి మారేది. అవ్వ పిలిస్తే రెండూ వినపడవు. నన్ను మాత్రం ప్రతిసారీ అడిగేవాడు: "మీ నాయన తోలే బండికి గేర్లెన్ని?" నేను చెప్పేదాన్ని. "ఘాట్ రోడ్డుకు ఏ గేరు?" అదీ చెప్పేదాన్ని. చాలా ముఖ్యమైన సంగతి తెలుసుకున్నట్టు తల ఊపేవాడు. మళ్లీ నెల మళ్లీ అడిగేవాడు.

పూల పని నాకు అప్పుడే తెలిసింది. తెల్లవారకముందే కోస్తారు. కోసిన పూలు వాడకుండా నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో మూట కట్టి, ఆటోలో కడప మార్కెట్టుకు పంపుతారు. ఆ చిలకరించే నీళ్లలోనే ఉంది తంటా. పూలలోకి రాలేదు డీజిల్, పూల మీద పడింది. మార్కెట్టులో పూలవ్యాపారి మూట విప్పి మొహం తిప్పుకుని, "అవ్వా, నీ పూలు లారీకి కట్టేదానికి బాగుంటాయి, దేవునికి పనికిరావు" అన్నాడట. ఆ మాట చెప్పి అవ్వే నవ్వింది. అప్పటి నుంచి చిలకరించడానికి ఊరి కొళాయి నుంచి బిందెలు మోసుకొస్తోంది. తోటకు పారించేది మాత్రం ఆ బావి నీళ్లే. ఇంకో దారి లేదు. బావి వైపు సాళ్లలో ఆకుల అంచులు మాడినట్టు అవుతున్నాయని ఒకసారి చూపించింది. "ఎండకేమో" అన్నాను. నాకు ఆ ఇంటి మనుషుల మీద ఇష్టం పెరిగేకొద్దీ, ఆ బావి సంగతి అడగాలంటే భయం కూడా పెరిగింది. ఇప్పుడు అడిగితే, అప్పుడెందుకు అడగలేదన్న ప్రశ్న వస్తుంది కదా.

కార్తీకానికి ముందు తుఫాను పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. మా సీమలో అట్లాంటి వాన పడితే జనం పనులు మాని వాకిళ్లలో నిలబడి చూస్తారు. నాలుగో రోజు పొద్దున్నే అవ్వ ఫోను చేసింది. నా నంబరు ఆవిడ దగ్గర ఉందనే నాకు తెలియదు. బంకు యజమాని ఇచ్చాడట.

"పాపా, యాడుండావు? బాయి నిండింది. వచ్చి చూసిపో" అంది. గొంతులో సంతోషమో దుఃఖమో అంతుబట్టలేదు.

తలస్నానం చేసి, జుట్టు ఆరకుండానే మొదటి బస్సెక్కాను. ఆ రోజు బంకుకు పోలేదు. తిన్నగా తోటలోకి నడిచాను. దారి పొడవునా గుంటల్లో, కుంటల్లో, పక్క బావుల్లో కప్పలు ఒకటే గోల. ఈ బావి దగ్గర మాత్రం చప్పుడు లేదు. పది అడుగుల దూరంలో ఉండగానే నాకు వాసన తగిలింది. పొరపాటు పడే వాసన కాదు. మా నాయన చొక్కా వాసన.

నీళ్లు పైమెట్ల దాకా వచ్చాయి. నీళ్ల మీద నెమలి మెడలాగా రంగుల పొర, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. గాలికి అది మెల్లగా కదులుతూ మెట్లను నాకుతోంది. తాత గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆ రోజు గేర్ల సంగతి అడగలేదు.

"ఎన్నేండ్లకు నిండిందో చూడు పాపా" అన్నాడు. "నా పెండ్లప్పుడు నిండింది ఇట్ల. మళ్ల ఇప్పుడు."

అవ్వ చేతులు కట్టుకుని నిలబడింది. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నేను చెప్పినా, నువ్వు చూసిపోతివి. ఏమని రాసుకుంటివి? అదొకటి చెప్పు నాకు" అంది.

అబద్ధం చెప్పడానికి సమయం ఉంది. పై వాళ్లకు రాశాను, వాళ్లే పట్టించుకోలేదు అనొచ్చు. ఆవిడ ఇంగ్లీషు కాగితం చదవలేదు. "లీకు లేదని రాసినా అవ్వా" అన్నాను.

ఆవిడ బావి వైపు ఒకసారి చూసింది. తర్వాత అడిగింది: "నా సంగటి తినకముందు రాసినావా, తిన్నాక రాసినావా?"

"తినకముందే."

"అయితే సరే. తిన్నాక రాసుంటే నిన్ను గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడేం చేస్తావో చెప్పు."

గాజుసీసాలు మూడు తెచ్చి నీళ్లు పట్టాను. కొద్దిసేపు నిలవనిస్తే పైన పసుపుపచ్చని పొర తేలింది. ఫోటోలు తీసి మా పై అధికారికి పంపి, ఫోను చేశాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు పని నేర్పినవాడు.

"చూడమ్మా, వానకు రోడ్డు మీది ఆయిలంతా కొట్టుకొచ్చి ఉంటుంది. లారీలు అక్కడే కదా ఆగేది, రిపేర్లు చేసుకునేది. అది మన డీజిలే అని ఎలా చెబుతావు? పైగా లీకు లేదని నీ రిపోర్టే ఉంది" అన్నాడు.

"ఆ రిపోర్టు తప్పు సార్. నేను పైపులు పరీక్ష చేయించలేదు."

"తప్పని నువ్వే రాస్తావా? ఇంకా నీ ఉద్యోగం పర్మనెంటు కాలేదు. నీళ్లు తగ్గనీ, చూద్దాం."

నీళ్లు తగ్గితే వాసన కూడా తగ్గుతుంది. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. కడప గదికి వచ్చి మా నాయనకు ఫోను చేశాను. మొత్తం విని ఆయన ఒకటే అన్నాడు: "బ్రేకు పట్టడం లేదని తెలిసినాక బండిని డిపో దాటిస్తే, వాడు డ్రైవరు కాదమ్మీ." తర్వాత, "తిన్నావా?" అని అడిగాడు. ఆ రోజే కూర్చుని కంపెనీకి రాశాను. మొదటి రిపోర్టు నిర్లక్ష్యంగా రాసినదనీ, ఏమేం చెయ్యలేదో అవన్నీ, పైపుల పరీక్ష వెంటనే జరగాలనీ. పంపే ముందు భయమేసింది. పంపాక ఇంకా భయమేసింది.

కాగితం మీద అట్లా వచ్చాక ఎవరూ ఆపలేకపోయారు. పరీక్షకు బంకు రెండు రోజులు మూశారు. యజమాని నాతో మాట్లాడటం మానేశాడు. పైపులోకి గాలి ఎక్కించి మీటరు బిగించారు. పెట్రోలు పైపు ముల్లు కదలకుండా నిలబడింది. డీజిల్ పైపు ముల్లు మా కళ్ల ముందే మెల్లగా దిగజారింది. కాంక్రీటు పగలగొట్టి తవ్వితే, నడుము లోతులో ఒక వంపు దగ్గర జాయింటు తుప్పు పట్టి ఉంది. సబ్బునీళ్లు పోస్తే బుడగలు వచ్చాయి. చుట్టూ మట్టి నల్లగా, జిడ్డుగా ఉంది. చుక్కచుక్కగా ఎన్నేళ్ల నుంచి కారుతోందో. రోజుకు అంత తక్కువ కాబట్టే వదిలేసే హద్దు లోపల దాక్కుంది.

అవ్వా తాతా వచ్చి గుంట అంచున నిలబడ్డారు. యజమాని లోపలికి దిగి, పిడికెడు మట్టి తీసి వాసన చూసి, అట్లే కూర్చుండిపోయాడు.

"చిన్నమ్మా, నాకు తెల్దు. అమ్మ మీద ఒట్టు" అన్నాడు.

"తెల్దని నాకు తెలుసు లేప్పా" అంది అవ్వ. "తెలుసుకోకుండా ఉంటివి. తప్పు అది."

ఆ మాట ఆయనకే కాదు, గుంట చుట్టూ నిలబడిన మాకందరికీ తగిలింది. పరీక్ష చూడటానికి వచ్చిన మా పై అధికారి చేతిలోని ఫైలు అటు నుంచి ఇటు మార్చుకున్నాడు.

పైపులు మార్చారు. మార్చడం సులువు. బావి మాటేమిటన్న దగ్గర కథ నెలల తరబడి సాగింది. పైపులు కంపెనీవి, వాటి బాగోగులు చూసే బాధ్యత యజమానిదని కంపెనీ అంది. కాంక్రీటు కింద ఉన్నదాన్ని నేనెట్లా చూసేదని యజమాని అన్నాడు. పైపు వేసింది కాంట్రాక్టరని ఇంకెవరో అన్నారు. చివరికి ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని అవ్వకు ఇచ్చి సంతకం పెట్టించుకు రమ్మని నన్నే పంపారు.

మంచం మీద కూర్చుని ఉత్తరం విప్పాను. "చదువు" అంది అవ్వ. "ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నేను చెప్పాను. కంపెనీ మానవతా దృక్పథంతో మీకు ఒక కొత్త బోరు వేయిస్తుంది, కొన్నాళ్లు ట్యాంకరుతో నీళ్లు ఇస్తుంది. ఇది కేవలం సాయం. బావి పాడవడానికి కంపెనీ కారణమని ఒప్పుకున్నట్టు కాదు. ఇకపై మీరు ఏ ఫిర్యాదూ చెయ్యకూడదు.

"సాయమా?" అంది అవ్వ. "నేను సాయం అడిగినానా? నేనేమన్నా కొంగు పట్టినానా వాళ్ల దగ్గర? మా పైపు కారింది, మీ బాయి చెడింది అని రాయమను. అప్పుడు చేసేది చెయ్యమను."

"అవ్వా, ఇది కాదంటే బోరు కూడా రాదేమో" అన్నాను. కంపెనీ మనిషిగా అన్నానో, ఇంటి మనిషిగా అన్నానో నాకే తెలియదు.

తాత పూలదండ పక్కన పెట్టి లేచాడు. ఆ సంగతిలో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "మా కోడి నీ చేలో పడి గింజలు తింటే, తిన్నదని చెప్పి, తర్వాత ఇయ్యాల్సింది ఇస్తాం. తినలేదు గానీ పాపమని ఇస్తాండామంటే, నువ్వు తీసుకుంటావా పాపా?"

ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకున్నాను. లేచే ముందు, ఉద్యోగం చేసే మనిషి చెప్పకూడని మాట ఒకటి చెప్పాను. కాలుష్యం సంగతి చూసే ప్రభుత్వ కార్యాలయం కడపలో ఉందనీ, అక్కడ ఫిర్యాదు ఇస్తే వాళ్లే వచ్చి నీళ్లూ మట్టీ పరీక్ష చేస్తారనీ.

రెండు రోజుల తర్వాత తెలిసింది, అవ్వ ఫిర్యాదు ఇచ్చిందని. ఆవిడను మోటారు సైకిలు మీద కడపకు తీసుకెళ్లింది ఎవరో కాదు, బంకు యజమాని. ఫిర్యాదు రాసిందీ ఆయనే, సాక్షి సంతకం పెట్టిందీ ఆయనే. ఎందుకని తర్వాత అడిగితే, "మా అమ్మ బతికుంటే ఈపాటికి నన్ను చీపురుతో కొట్టుండేది మేడమ్" అన్నాడు. అప్పటి నుంచి మళ్లీ నాతో మామూలుగా మాట్లాడాడు.

ప్రభుత్వం వాళ్లు వచ్చారు. బావి నీళ్లు, తోటలో మట్టి, బంకు డీజిల్ అన్నీ పట్టుకెళ్లారు. ఫలితం వచ్చాక కంపెనీ ఉత్తరం మారింది. తప్పు అన్న మాట అందులో ఎక్కడా లేదు. "మా పైపు నుంచి కారిన డీజిల్ వల్ల మీ బావి నీరు చెడింది. దాన్ని బాగుచేయడం మా బాధ్యత" అని రెండు వాక్యాలు, ఈసారి తెలుగులో ఉన్నాయి. మా పై అధికారే స్వయంగా తెచ్చి, అవ్వ ఎదురుగా నిలబడి చదివాడు. అవ్వ మళ్లీ ఒకసారి చదవమంది. చదివాడు. "ఇప్పుడు కుచ్చో నాయనా" అని మంచం చూపించి, మజ్జిగ ఇచ్చింది.

బాగుచెయ్యడం ఒక రోజు పని కాదని అప్పుడు తెలిసింది. బావి నీళ్లు ట్యాంకర్లకు తోడించి తీసుకెళ్లారు. పైపు చుట్టూ ఉన్న మట్టి లారీలకెత్తారు. పైపొరను పీల్చుకునే బొంతల్లాంటివి బావిలో పరిచి, తీసి, మళ్లీ పరిచారు. తాత గట్టు మీదే ఉండి, గుంటలు తవ్వేవాళ్లు సాళ్ల మధ్య గట్లు, గెనాలు తొక్కితే కేకలేసేవాడు. ఆ రోజుల్లో ఆయన చెవులు రెండూ బ్రహ్మాండంగా పనిచేశాయి. బంకుకు దూరంగా, తోటకు ఇంకో పక్క ఎగువన కొత్త బోరు వేశారు. ఒక పంట పోయింది, దానికి ఇవ్వాల్సింది ఇచ్చారు. మరుసటి వానకు పొర మళ్లీ వచ్చింది, పలచగా. ఆపై ఏడాది ఇంకా పలచగా. ఇప్పుడు కంటికి కనపడటం లేదు, పరీక్షలోనూ హద్దు లోపలే ఉందంటున్నారు. హద్దు లోపల అన్న మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఆ నీళ్లు వాళ్లింకా పూలకు వాడటం లేదు. గట్టు మీది వేపచెట్లకు మాత్రం పోస్తున్నారు. బావి పూర్తిగా బాగైందని నేను చెప్పలేను.

మొదటి రిపోర్టుకు నాకు మెమో ఇచ్చారు. ఉద్యోగం పర్మనెంటు కావడం ఏడాది వెనకపడింది. రెండూ న్యాయమే. తర్వాత నన్ను కర్నూలుకు మార్చి, పాత బంకుల పైపులు, ట్యాంకులు పరీక్షించే పనిలో వేశారు. ఇప్పుడు ఏ ఊరికి పోయినా ముందు బంకు చుట్టుపక్కల ఇళ్లకూ బావులకూ పోతాను. బంకులో అడుగుపెట్టేది ఆ తర్వాతే. మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ.

అవ్వావాళ్లింటికి పోవడం మాత్రం మానలేదు. పోయిన చలికాలంలో ఫోను చేసి, "బంకు కాడ కార్లోళ్లందరూ గండికోటకు దారి యాడ అని అడుగుతాంటారు. ఇంత దగ్గరుండి మేము చూసిందే లేదు. తోల్కపో పాపా" అంది.

ఒక ఆదివారం నా కారులో ఇద్దర్నీ తీసుకెళ్లాను. తాత కొత్త లుంగీ కట్టుకుని ముందు సీటులో కూర్చుని, నేను గేరు మార్చినప్పుడల్లా చెయ్యి వైపు చూశాడు. కోటలో పాత మసీదు నీడలో కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తిన్నాం. లోయ దగ్గరికి రానని తాత మొండికేశాడు. అవ్వ మాత్రం బండల మీద చకచకా నడిచి అంచు దాకా వెళ్లింది. కాపలా మనిషి విజిల్ ఊదితే, "నన్నేనా?" అన్నట్టు వెనక్కి చూసి ఇంకో అడుగు వేసింది. నేను పరిగెత్తి చెయ్యి పట్టుకున్నాను. ఎర్రబండల నడుమ పెన్న చాలా కిందుగా, సన్నగా పారుతోంది. "అబ్బ, శానా లోతు" అంది. కాసేపటికి, "నీళ్లు మంచిగుండాయి" అంది. అంతే. ఇద్దరం వెనక్కి వచ్చాం.

తిరుగు దారిలో రోడ్డు పక్క ఎవరిదో చామంతితోట కనపడింది. "ఆపాపు" అంది అవ్వ. ఆపాను. ఆ రైతు మొక్కలు మరీ దగ్గర దగ్గరగా నాటాడట, మొగ్గ తుంచలేదట, ఇట్లైతే పువ్వు లావు కాదట. ఇవన్నీ కారులోంచే కనిపెట్టి, తలుపు తీసుకుని, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గట్టు దిగింది. నీళ్లు కట్టుకుంటున్న ఆ రైతు పార వదిలేసి ఆశ్చర్యంగా చూస్తున్నాడు. అవ్వ అప్పుడే ఒక మొక్క వంచి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

నేను ఇంజను ఆపాలా వద్దా అని చూస్తున్నాను. తాత సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నాడు.

"ఆపేయ్ పాపా. ఇంక గంట పడ్తాది" అన్నాడు.